పునరావాస, సహాయక, శస్త్రచికిత్స రోబోల మీద పరిశోధన అంటే ఏం పని? గుంటూరు విద్యార్థి ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు చెబుతాను. మీరు గుంటూరు దగ్గర ఒక కళాశాలలో మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నారు. తాతగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయాక మీ మనసు వైద్య రోబోల వైపు మళ్లింది. ఈ రంగంలో పరిశోధకుడు రోజంతా నిజానికి ఏం చేస్తాడు, సహాయక, పునరావాస, శస్త్రచికిత్స రోబోలు ఒకే విద్యా లేక మూడు వేర్వేరు విద్యలా, విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఉండి ఈ పని మొదలుపెట్టగలమా అని అడిగారు. చివర్లో, తాతగారి వేళ్లను మోటారుతో తెరిచే గ్లౌజు ఒకటి చేయాలనుకుంటున్నట్టు కూడా రాశారు. నేను ఈ ప్రాంతంవాడినే. పదిహేడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. అన్నిటికీ సమానంగా జవాబు చెప్పను, నాకు తెలిసిన చోట ఎక్కువ చెబుతాను.

మూడు రంగాల సంగతి మొదట. గణితం, మోటార్లు, సెన్సార్లు, కంట్రోలర్ (యంత్రాన్ని నడిపే ప్రోగ్రాము) రాసే పద్ధతి మూడింటికీ ఉమ్మడి ఆస్తి. అందుకే ఒకే ప్రయోగశాలలో మూడూ కనిపిస్తుంటాయి. అయితే యంత్రం ఎవరి చేతిలోకి వెళుతుందన్నది చూస్తే దారులు విడిపోతాయి. శస్త్రచికిత్స రోబోను నడిపేది ఏళ్ల తరబడి శిక్షణ పొందిన సర్జన్, కాబట్టి అక్కడి ప్రశ్న అప్పటికే ఉన్న నేర్పుకు మరింత నిలకడ ఎలా ఇవ్వాలన్నది. పునరావాస రోబోలో చెయ్యి పెట్టేది ఆ చెయ్యి మాట వినని మనిషి. కొన్ని నెలల తర్వాత ఆయనకు ఆ యంత్రంతో పని లేకుండా పోతేనే అది తన పని చేసినట్టు. సహాయక రోబో దీనికి తలకిందులు. దానిని ఇంటికి తెచ్చుకున్న మనిషి దానితో ఏళ్లకు ఏళ్లు కాపురం చేయాలి, గుమ్మం దగ్గర చెప్పుల జోడులా అది ఇంట్లో కలిసిపోవాలి. నేను ఎక్కువకాలం పనిచేసింది పునరావాసంలో, కొంత సహాయక పరికరాల మీద. శస్త్రచికిత్స వైపు రెండేళ్లే ఉన్నాను.

ఇక రోజువారీ పని. బయటివారు ఊహించుకునే చిత్రంలో పరిశోధకుడు రోబో ముందు కూర్చుని దానిని కదిలిస్తూ ఉంటాడు. నా పనిదినంలో యంత్రం నిజంగా కదిలే సమయం చాలా తక్కువ. రోగులు వచ్చే రోజైతే ఉదయం ఆసుపత్రి ఫిజియోథెరపీ గదికి అందరికంటే ముందు చేరుకుని, అత్యవసరంగా ఆపే మీట పనిచేస్తోందో లేదో చూసి, కీలు కోణాలను సున్నాకు సరిచేసి, పట్టీలు ఉతికినవా కావా చూసుకోవాలి. తర్వాత ఒక్కొక్క రోగికి ముప్పావు గంట. అందులో చెయ్యిని యంత్రంలో సరిగా అమర్చడానికే పదిహేను నిమిషాలు పోతుంది, ఎందుకంటే మోచేయి మడత యంత్రపు కీలుకు ఎదురుగా రాకపోతే ప్రతి కదలికా చర్మాన్ని ఈడుస్తుంది. మధ్యాహ్నం కొలతల పని. కీలు కోణాలను కొలిచే ఎన్‌కోడర్లు ఇచ్చిన అంకెల్లో ఏది రోగి కదలిక, ఏది యంత్రపు వదులు, ఏది రోగి భుజం ఎత్తి చేసిన మాయ అని వేరు చేయాలి. సాయంత్రం ప్రోగ్రాము సరిదిద్దడం, నైతిక సమీక్షా సంఘానికి జవాబులు రాయడం, పత్రాలు చదవడం, విరిగిన భాగాన్ని మళ్లీ గీయడం. దిగుమతి మోటారు కోసం కొనుగోలు కాగితాల వెంట తిరగడం కూడా పరిశోధనలో భాగమేనని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. మీకు నేను చెబుతున్నాను.

ఈ రంగపు మూల భావన ఒకటి చెబితే మిగిలినదంతా తేలికగా పట్టుబడుతుంది. కర్మాగారంలోని రోబోకు ఫలానా చోటికి వెళ్లమని చెబితే అది వెళ్లి తీరుతుంది, దారిలో ఏది అడ్డొచ్చినా నెట్టేస్తుంది. మనిషి చెయ్యి కట్టిన యంత్రానికి ఆ స్వభావం పనికిరాదు. చిన్నప్పుడు పలక మీద ఓనమాలు దిద్దించిన రోజులు గుర్తుచేసుకోండి. పంతులుగారు మన పిడికిలి మీద తన చెయ్యి వేసి, మన బలపం గీత వెంట పోతున్నంతసేపు పట్టు వదులుగా ఉంచి, దారి తప్పినప్పుడు మాత్రం కాస్త నొక్కి మళ్లీ గీత మీదికి తెచ్చేవారు. ఎంత దారి తప్పితే ఎంత నొక్కాలి, ఎంత వేగంగా పోతే ఎంత ఆపాలి అన్న ఆ సంబంధాన్నే యంత్రానికి నేర్పడాన్ని ఇంపీడెన్స్ కంట్రోల్ అంటారు. అమెరికాలోని ఎంఐటీకి చెందిన నెవిల్ హోగన్ 1985లో మూడు భాగాల వ్యాసంగా దానికి గణిత రూపం ఇచ్చారు. ఆయన, హెర్మనో ఇగో క్రెబ్స్, వారి సహచరులు ఆ సూత్రం మీదే పక్షవాత రోగుల చేతుల కోసం ఎంఐటీ-మానస్ అనే యంత్రాన్ని నిర్మించారు. తర్వాత వచ్చిన చేతి పునరావాస రోబోలలో చాలావాటికి అది పెద్దన్న లాంటిది.

పంతులుగారి పోలికలోనే ఇంకో సంగతి ఉంది. ఆయన చెయ్యి మరీ గట్టిగా పట్టుకుని తానే దిద్దేస్తే పిల్లవాడు చెయ్యి వదిలేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు. రోగి మెదడు కూడా సరిగ్గా అలాగే చేస్తుంది. యంత్రం సాయం ఎక్కువైనకొద్దీ మనిషి తన ప్రయత్నాన్ని తెలియకుండానే తగ్గించుకుంటాడని అమెరికా పరిశోధకుడు డేవిడ్ రైన్‌కెన్స్‌మేయర్ బృందం ప్రయోగాలతో చూపింది. అందుకే అవసరమైనంతే సాయం చేసి, ఆ సాయాన్ని కూడా రోజురోజుకూ కొద్దికొద్దిగా మరిచిపోయే కంట్రోలర్లు రాస్తాం. ఇది రాయాలంటే యంత్రం ముందుగా రోగి తోపుకు లొంగాలి. మీ మెకానికల్ చదువు ఇక్కడే ఉపయోగపడుతుంది. చిన్న మోటారుకు 100 రెట్ల గేరుబాక్స్ పెడితే బలం 100 రెట్లు వస్తుంది, బాగానే ఉంటుంది. కానీ చేతికి తగిలే మోటారు జడత్వం గేరు నిష్పత్తికి వర్గంగా, అంటే 10,000 రెట్లు పెరుగుతుంది. బలహీనమైన చెయ్యి దానిని కదిలించలేదు, కదిలించలేని చెయ్యి ప్రయత్నించింది లేనిదీ మనకు తెలియదు. ఈ కారణంగానే ఈ యంత్రాలలో తక్కువ గేరు, పెద్ద మోటారు, లేదా బావి గిలక మీద చేంతాడులా ఉక్కు తీగ చుట్టిన చప్పుడు లేని ఏర్పాట్లు కనిపిస్తాయి. కళాశాల ప్రాజెక్టులలో తరచుగా కనిపించే చౌకరకం సర్వో మోటార్లు ఈ పరీక్షలో మొదటి నిమిషంలోనే తప్పుతాయి.

ఇంత చేసినా రోబో వల్ల రోగికి నిజంగా మేలు జరుగుతుందా? ఈ ప్రశ్నను మీరు మొదటి రోజు నుంచే అడగాలి, ఎందుకంటే జవాబు అంత తియ్యగా లేదు. అమెరికాలో క్యాథరిన్ లాంగ్ బృందం ఫిజియోథెరపీ తరగతులను కూర్చుని లెక్కపెట్టి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక తరగతిలో రోగి చేతితో చేసే పనికొచ్చే కదలికలు సగటున 32 మాత్రమేనని తేలింది. రోబో ఒక్క తరగతిలో వెయ్యికి పైగా చేయించగలదు. మెదడు అభ్యాసంతో మళ్లీ నేర్చుకుంటుంది కాబట్టి లెక్క ప్రకారం రోబోదే పైచేయి కావాలి. 2010లో వెలువడిన అమెరికా మాజీ సైనికుల అధ్యయనంలో, పక్షవాతం వచ్చి కనీసం ఆరు నెలలు దాటిన 127 మందిని తీసుకుని, కొందరికి రోబోతో, కొందరికి మనిషితో 12 వారాలలో 36 తరగతులు చేయించి, మిగిలినవారికి మామూలు వైద్యం ఇచ్చి చూశారు. 12 వారాల చివర మామూలు వైద్యంతో పోలిస్తే రోబో వల్ల గట్టిగా చెప్పుకోదగ్గ తేడా రాలేదు, 36 వారాలకు కొద్ది మెరుగు కనిపించింది. అంతే తీవ్రతతో మనిషి చేయించిన వ్యాయామానికీ రోబోకూ మధ్య తేడా దాదాపు లేదు. 2019లో బ్రిటన్‌లో 770 మందితో జరిగిన రాటుల్స్ పరీక్ష ఇంకా నిక్కచ్చిగా చెప్పింది: మామూలు వైద్యం కంటే రోబో శిక్షణ చేతి పనితనాన్ని మెరుగుపరచలేదు.

ఈ ఫలితాలు చూసి నా సహచరులలో కొందరు రంగం మారారు. నేను వాటిని వేరే విధంగా చదివాను. అంతే తీవ్రతతో మనిషి చేయించిన వ్యాయామానికి రోబో సమానమైతే, ఒక ఫిజియోథెరపిస్టు ఉదయం నుంచి వరుసగా రోగులను చూసే మన ఊళ్లలో అది చిన్న సంగతి కాదు, ఎందుకంటే అంత తీవ్రమైన వ్యాయామం ఇక్కడ ఇవ్వడానికి మనుషులు లేరు. అయితే అది నిరూపించాలంటే పరీక్ష ఇక్కడే, ఇక్కడి మామూలు వైద్యంతో పోల్చి జరగాలి. రెండోది, ఆ అధ్యయనాలలో చాలాచోట్ల యంత్రం బల్ల మీద చెయ్యిని అటూ ఇటూ జరిపించింది. బల్ల మీద జరగడం బాగుపడితే ఇంట్లో గ్లాసు పట్టుకోవడం దానంతటదే వస్తుందని అనుకోవడమే అసలు లోపమని నా అభిప్రాయం.

ఈ అభిప్రాయం నాకు ఒక మంగళగిరి నేతగాడి దగ్గర కలిగింది. గుంట మగ్గంలో కూర్చుని ఒక చేత్తో తాడు లాగి నాడెను పరిగెత్తించడం, మరో చేత్తో పేక మీద దెబ్బ కొట్టడం, కాళ్లతో కింద తొక్కడం ఆయన నలభై ఏళ్ల పని. కుడివైపు పక్షవాతం వచ్చింది. మా యంత్రంతో ఎనిమిది వారాలు చేయించాక ఆయన ఫ్యూగెల్-మేయర్ మార్కులు పెరిగాయి. పక్షవాతం తర్వాత కదలిక ఎంత తిరిగొచ్చిందో చూడటానికి 1975 నుంచి వాడుకలో ఉన్న కొలబద్ద అది. చేతికి 33 అంశాలు, ఒక్కొక్కదానికి 0 నుంచి 2 వరకు, మొత్తం 66 మార్కులు. నాలుగైదు మార్కుల పెరుగుదలను రోగికి తెలిసేంత మార్పుగా పరిగణిస్తారు, ఆయనకు అంతకంటే ఎక్కువే పెరిగింది. నేను సంతోషంగా కాగితం చూపిస్తే ఆయన దానిని మర్యాదగా చూసి, "అయ్యా, మార్కులు సరే, నేను మగ్గం గుంటలోకి దిగగలనా, తాడు లాగగలనా?" అని అడిగారు. గుంటలోకి దిగడానికి చెయ్యి ఆసరాగా నేలకు ఆనించి ఒళ్లు మోయాలి, తాడును కుదుపుతో లాగి వెంటనే వదలాలి. ఈ రెండూ మా యంత్రం నేర్పిన కదలికల్లో లేవు. తర్వాతి నెలలో యంత్రపు చివర చెక్కపిడి తీసేసి నిజమైన మగ్గం తాడు కట్టి, కుదుపుగా లాగడాన్నే అభ్యాసంగా మార్చాం. ప్రోగ్రాములో మార్పు నలభై వరుసలు కూడా లేదు. ఆ నలభై వరుసలు రాయాలని తెలియడానికి మాత్రం నాకు తొమ్మిదేళ్లు పట్టింది.

ఇక్కడి వాతావరణం, ఇక్కడి బతుకు కూడా పరిశోధన ప్రణాళికలోకి రావాలి. వారానికి మూడు రోజులు, 12 వారాలు అన్న పద్ధతిని విదేశీ పత్రాలలోంచి యథాతథంగా తెచ్చి గుంటూరు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే రోగులతో జనవరిలో మొదలుపెట్టాను. మూడో వారానికి రావడం తగ్గిపోయింది. యంత్రం నచ్చలేదేమోనని నేను ప్రశ్నావళి తయారుచేస్తుంటే, ఫిజియోథెరపీ గదిలో పనిచేసే ఆయా అసలు సంగతి చెప్పింది: మిరప కోతలు మొదలయ్యాయి, రోగిని బస్సెక్కించి తీసుకురావాల్సిన కొడుకో కోడలో కూలికి పోతున్నారు. రోగికి మా చికిత్స ఉచితమే, తోడొచ్చే మనిషి ఒక రోజు కూలి మాత్రం ఉచితం కాదు. ఆ పరీక్ష మధ్యలో ఆగిపోయింది. తర్వాత చేసిన పరికరం ఇంటికి పంపగలిగేంత చిన్నది, బల్ల అవసరం లేకుండా నులక మంచం మీద కూర్చుని వాడగలిగేది, కరెంటు పోతే బిగుసుకుపోకుండా వదులై చెయ్యిని విడిచిపెట్టేది.

మరో పాఠం ఎండ నేర్పింది. ముంజేతికి అమరే పట్టీ తొడుగులు త్రీడీ ప్రింటరులో పీఎల్ఏ ప్లాస్టిక్‌తో చేసి, మే నెలలో ఒక మధ్యాహ్నం కారులో వదిలి భోజనానికి వెళ్లాను. ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, గుంటూరు ఎండలో అద్దాలు బిగించిన కారు లోపల ఆ వేడికి చేరడం పెద్ద విషయం కాదు. తిరిగొచ్చేసరికి నాలుగు తొడుగులూ అప్పడాల్లా వంగి ఉన్నాయి. ఆ రోజు ఇద్దరు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. చెమట పట్టిన చర్మం మీద కండరాల విద్యుత్ సంకేతాలు పట్టే ఎలక్ట్రోడ్లు జారిపోవడం, ఫ్యాను మోటారు నుంచీ వైర్ల నుంచీ వచ్చే 50 హెర్ట్జ్ గోల ఆ సంకేతంలో కలవడం లాంటివి కూడా ఇక్కడి ప్రయోగశాలకు రోజువారీ సమస్యలే.

సహాయక పరికరాల విషయానికొస్తే మన దగ్గర మంచి పూర్వులు ఉన్నారు. 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పకారుడు, పి.కె. సేథీ అనే ఎముకల వైద్యుడు కలిసి రూపొందించిన జైపూర్ పాదం గొప్పతనం పదార్థంలో కంటే ప్రశ్నలో ఉంది. చెప్పులు లేకుండా నడిచే, బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చునే, పొలం బురదలో దిగే మనిషికి కాలు ఎలా ఉండాలని వారు ఆలోచించారు. హైదరాబాదులో అబ్దుల్ కలాం గారి కథ మీరు వినే ఉంటారు. క్షిపణి కోసం తయారైన తేలికపాటి మిశ్రమ పదార్థాన్ని నిమ్స్ ఎముకల వైద్యుడొకరు చేత్తో ఎత్తి చూసి, తన వార్డుకు తీసుకెళ్లి, కాళ్లకు ఆసరాగా కట్టిన 3 కిలోల ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలను చూపించారు. కొద్ది వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి. ఆ కథలో మోటారు లేదు, కంప్యూటరు లేదు. రోబో అక్కర్లేని చోట రోబో పెట్టకపోవడం కూడా ఈ రంగంలో నేర్చుకోవాల్సిన విద్యే.

రోబో అవసరమైన చోట చూడండి. చెయ్యి లేవని వారికి తినిపించే యంత్రాలు విదేశాలలో ఎప్పటి నుంచో ఉన్నాయి. జపానులో సెకోమ్ సంస్థ తెచ్చిన మై స్పూన్ వాటిలో ఒకటి. నేను చూసినవన్నీ చెంచాతో, ముక్కలుగా కోసిన తిండితో ఆలోచించినవే. అన్నంలో పప్పు వేసి, నెయ్యి పోసి, వేళ్లతో కలిపి ముద్ద చేయడాన్ని నాకు తెలిసి ఏ యంత్రమూ అనుకరించలేదు. నా రోగులలో చాలామంది ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తినడం నేర్చుకున్నారు గానీ, పెళ్లి బంతిలో నలుగురి మధ్య ఎడమ చేత్తో తినాల్సి వస్తుందని పెళ్లిళ్లకు వెళ్లడమే మానేశారు. ఈ సిగ్గు ఏ ప్రమాణ ప్రశ్నావళిలోనూ లేదు. ముద్ద కలపడానికి వేళ్లకు ఎంత బలం, ఏ కోణాలు, ఎంత స్పర్శ కావాలో కొలిచి రాస్తే అదొక మంచి బి.టెక్ ప్రాజెక్టు అవుతుంది. మోటారు లేకుండా కూడా.

శస్త్రచికిత్స రోబో గురించి మాత్రం ఒక అపోహ తీర్చాలి. విజయవాడలో కూడా పెద్ద ఆసుపత్రులలో రోబో శస్త్రచికిత్సలు జరుగుతున్నాయి, ప్రకటనలు చూసి అక్కడ యంత్రమే కోస్తుందని జనం అనుకుంటారు. ఎక్కువగా వాడుకలో ఉన్న డా విన్చీ వంటి వాటిలో రోబో తనంతట తాను ఏ నిర్ణయమూ తీసుకోదు. సర్జన్ ఒక పక్క కూర్చుని పిడులను కదిలిస్తే రోగి పొట్టలోని పనిముట్లు అదే కదలికను అనుకరిస్తాయి. సర్జన్ చెయ్యి 3 సెంటీమీటర్లు కదిలితే లోపలి కొస 1 సెంటీమీటరే కదిలేలా అమర్చవచ్చు, ప్రతి మనిషి చేతిలోనూ సెకనుకు 8 నుంచి 12 సార్లు ఉండే సన్నని వణుకును వడకట్టవచ్చు. ఇందులో అందమైన యాంత్రిక సమస్య ఒకటుంది. సన్నమూతి కుండలో గరిటె తిప్పేటప్పుడు పిడి ఎడమకు పోతే కొస కుడికి పోతుంది, మూతి అంచును నెట్టకుండా తిప్పాలంటే గరిటె ఆ మూతి దగ్గర ఉన్న ఒకే బిందువు చుట్టూ తిరగాలి. పొట్ట మీద చిన్న రంధ్రం ఆ కుండమూతి లాంటిది. అక్కడ ఏ కీలూ లేకుండానే రోబో చెయ్యి ఆ బిందువు చుట్టూ తిరిగేలా దూరం నుంచి కట్టడాలు చేస్తారు. చరిత్రలో 1985లో ప్యూమా అనే కర్మాగారపు రోబోను మెదడు బయాప్సీ సూదిని గురిపెట్టడానికి వాడారు. 2001 సెప్టెంబరులో ఫ్రెంచి సర్జన్ జాక్ మారెస్కో న్యూయార్క్‌లో కూర్చుని ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్‌లో ఉన్న రోగి పిత్తాశయాన్ని తీశారు. ఇటీవల గురుగ్రామ్‌లో సుధీర్ శ్రీవాస్తవ సంస్థ ఎస్ఎస్ఐ మంత్ర అనే యంత్రాన్ని దేశంలోనే తయారుచేసింది. ఈ దారి ఎంచుకుంటే యంత్రం కట్టడం కంటే వీడియో విశ్లేషణ, నేర్పును కొలవడం, తాకిన బలాన్ని సర్జన్ చేతికి తిరిగి చేర్చడం లాంటి ప్రశ్నలు ఒంటరి విద్యార్థికి అందుబాటులో ఉంటాయి.

అక్కడి నుంచే మీ మూడో ప్రశ్నకు వస్తాను. ఇక్కడి నుంచి చాలానే చేయవచ్చు. పరిశోధకులు అందరికీ అందుబాటులో పెట్టిన సమాచార సంపుటాలు (డేటాసెట్లు) ఉన్నాయి. స్ట్రాస్‌బూర్గ్ బృందం విడుదల చేసిన కోలెక్80లో 80 పిత్తాశయ శస్త్రచికిత్సల వీడియోలున్నాయి. జాన్స్ హాప్కిన్స్ నుంచి వచ్చిన జిగ్‌సాస్‌లో 8 మంది సర్జన్లు కుట్లు వేసిన, ముడులు కట్టిన కదలికల అంకెలున్నాయి. కండరాల సంకేతాలకు నినాప్రో ఉంది. మనిషి ఎముకల, కండరాల నమూనాలను కదిలించి చూడటానికి స్టాన్‌ఫోర్డ్‌వారి ఓపెన్‌సిమ్ ఉచితం. ఇవేవీ డబ్బు అడగవు, ఓపిక అడుగుతాయి. చేతిపనికి విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. అక్కడి లేతు మేస్త్రీలలో ఒకరికి నేను గీసిన గిలక చిత్రం చూపిస్తే, తీగ పడే గాడికి అంచు మరీ వాడిగా ఉందని, రెండు నెలల్లో తీగ తెగుతుందని చూడగానే చెప్పాడు. ఆయన మాట వినకుండా చేయించుకున్నాను, రెండు నెలలు కూడా ఆగలేదు.

పైచదువుకు దూరం కూడా కాదు. విజయవాడలో పొద్దున్నే పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై చేరతారు. అక్కడ ఐఐటీ మద్రాసులో సుజాతా శ్రీనివాసన్ నడిపించే ఆర్2డీ2 అనే పునరావాస పరికరాల పరిశోధన కేంద్రం నుంచి నిలబెట్టే చక్రాల కుర్చీ ఎరైజ్, కృత్రిమ మోకాలు కదమ్ వచ్చాయి. వెల్లూరు సీఎంసీలో శివకుమార్ బాలసుబ్రమణియన్ బృందం ప్లూటో అనే చౌకైన చేతి పునరావాస రోబోను తయారుచేసింది. కదలిక ఎంత నున్నగా ఉందో కొలిచే స్పార్క్ అనే గణిత కొలతను ఆయన ఇతరులతో కలిసి ప్రతిపాదించారు, మేమూ అదే వాడతాం. వెల్లూరులో ఇంజనీరూ వైద్యుడూ ఒకే ఆవరణలో పనిచేస్తారు, ఆ సౌకర్యం విలువ లేనిచోట పనిచేసినవారికే తెలుస్తుంది. చదువులో లీనియర్ ఆల్జీబ్రా, డైనమిక్స్, కంట్రోల్, గణాంక శాస్త్రం గట్టిగా పట్టండి. చివరిదాన్ని మెకానికల్ విద్యార్థులు చిన్నచూపు చూస్తారు, కానీ పది మంది రోగుల మీద వచ్చిన ఫలితంలో ఎంత నమ్మవచ్చో అదే చెబుతుంది.

మనిషి మీద ఏ ప్రయోగమైనా నైతిక సమీక్షా సంఘం అనుమతి, మొదటి రోగి చేరకముందే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు, అర్థమయ్యే తెలుగులో సమ్మతి పత్రం లేకుండా మొదలుపెట్టకూడదు. చదవలేని రోగి వేలిముద్ర వేసేటప్పుడు పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. రోగి వైపు చూసి అడిగితే కొడుకు జవాబు చెబుతాడు. నేను కొడుకును కాఫీ తాగి రమ్మని బయటికి పంపి, అప్పుడు మళ్లీ అడుగుతాను. కొన్నిసార్లు జవాబు మారింది.

చివరగా మీ గ్లౌజు. ఇప్పుడే మోటారు కొనవద్దని నా సలహా. పక్షవాతం తర్వాత వేళ్లు బిగుసుకోవడానికి ఒక లక్షణం ఉంది, వాటిని ఎంత వేగంగా లాగితే అంతగా ఎదురు తిరుగుతాయి. చప్పున తెరిచే గ్లౌజు ఆ బిగువును ఇంకా రేపుతుంది. మణికట్టు వెనక్కి వంచి ఉండగా వేళ్లు లాగితే నరాలు పట్టినట్టు నొప్పి పుడుతుంది, మణికట్టును కాస్త ముందుకు వంచితే అవే వేళ్లు తేలికగా తెరుచుకుంటాయి. ఈ సంగతి మీ తాతగారి ఫిజియోథెరపిస్టు చేత్తో చూపిస్తారు. వేళ్ల వెనుక తీగ కట్టి లాగేటప్పుడు బలం కీళ్లను నొక్కే వైపు కూడా పనిచేస్తుంది. పైగా ఆ చేతికి స్పర్శ తగ్గి ఉంటే, పట్టీ కింద చర్మం ఒరుసుకుపోతున్నా ఆయనకు తెలియదు. ముందుగా రెండు వారాలు ఫిజియోథెరపీకి ఆయన వెంట వెళ్లి, అనుమతి అడిగి, ఎన్ని కదలికలు చేయిస్తున్నారో, ఇంటికొచ్చాక ఆయన ఎన్ని చేస్తున్నారో, ఏ పని దగ్గర విసుగొచ్చి ఆపుతున్నారో నోటుపుస్తకంలో రాయండి. ఫోనులోని సెన్సారును మణికట్టుకు కట్టి కదలికలు లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాము రాస్తే అందులో ప్రమాదం లేదు, ఫిజియోథెరపిస్టుకు కావలసిన సమాచారం ఉంది. ఆ పుస్తకం, ఆ అంకెలు చూశాక కూడా గ్లౌజే కావాలని ఆ ఫిజియోథెరపిస్టు అంటే, వేళ్లకు చేరే బలానికి మోటారు కరెంటు దగ్గరే హద్దు పెట్టి, ఆపే మీట తాతగారి ఎడమ చేతికి అందేలా బిగించి, మొదట నెల రోజులు మీ చేతికే కట్టుకుని చూడండి. ఆ నోటుపుస్తకం పేజీలు ఇక్కడ పెడితే నేను చదివి చెబుతాను.